నెరె డొప్పల కప్పం

మా అత్త కవే నన్ను తిట్టకుండా ఉన్నది మొత్తం మీద పదకొండు రోజులే. ఆ పదకొండు రోజులూ నేనెలా బతికానో నాకూ, ఆవిడ ఇంటి గోడకీ తెలుసు.

నేను బిస్సాల పిల్లని. అత్తవాళ్ళు కసేనాలు. మా రెండు జాతుల మధ్యా తాతల నాటి నుంచి వేళాకోళం వరస. బావామరదళ్ళ మధ్య ఉంటుందే, అలాంటిదే. కాకపోతే ఇద్దరు మనుషుల మధ్య కాదు, మొత్తం జాతికీ జాతికీ మధ్య. బిస్సా మనిషి కసేనా మనిషికి ఎదురుపడితే మొదటి మాట తిట్టే. మేం వేరుశెనక్కాయలు తప్ప ఇంకేం ఎరగమని వాళ్ళంటారు. కుక్క కనబడితే వాళ్ళ నోట్లో నీళ్ళూరతాయని మేమంటాం. నువ్వు నా దాసివంటే కాదు నువ్వే నా దాసివనుకుంటాం. ఇందులో కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. అవతలివాడు అడిగింది లేదన్నవాడూ ఓడినట్టే. చావింట్లో కూడా ఈ వరస ఆగదు. శవం పక్కనే చాప మీద ఓ బిస్సావాడు పడుకుని, "నేనూ పోయాను, నా పేరు మీద కూడా ఓ కోడిని కొయ్యండి" అన్నాడనుకోండి, ఏడుస్తున్న వాళ్ళు నవ్వి తీరాలి, కోడినిచ్చి తీరాలి.

మా ఆయన ఆవియా మా ఊరి బడికి గోడలు కట్టడానికి వచ్చి, గోడలతో పాటు నన్నూ చూసుకున్నాడు. నన్ను తీసుకొచ్చి వాళ్ళమ్మ గుమ్మం ముందు నిలబెట్టిన రోజున పేటంతా వాకిట్లో చేరింది. కోడలు అత్తతో పరాచికాలాడకూడదు. కానీ బిస్సా పిల్ల కసేనా మనిషిని తిట్టకుండా ఉండకూడదు. ఈ పిల్ల ఏ వరస పట్టుకుంటుందోనని అందరూ నన్ను చూస్తున్నారు.

అత్త నన్ను కిందనించి మీదికి చూసింది.

"ఒరే ఆవియా, పెళ్ళాన్ని తెచ్చుకుంటానంటే సరేనన్నాను. వేరుశెనక్కాయల సంచీ తెచ్చావేంట్రా? ఎక్కడ దింపుతావు దీన్ని, గాదెలోనా?"

కోడల్ని కనక తల దించుకోవాలి. అయినా మా అమ్మ పెంపకం ఊరుకోనిచ్చిందా?

"గాదెలోనే దింపించండత్తా. ఇంట్లో నేనుంటే మీ కుక్కలకి చోటు చాలదు. కూరలోకి వేసేదాకా వాటినెక్కడ కట్టేస్తారు, పాపం?"

అందరూ అత్త మొహం వైపు తిరిగారు. తర్వాత అత్త గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "నోరుంది దీనికి. ఉండనీ," అంది.

కసేనాల ఇళ్ళ గుమ్మాలు నడుమెత్తు కూడా ఉండవు. వంగి, గడప దాటి, మళ్ళీ లోపలున్న పిట్టగోడ దాటాలి. ఆ సంబరంలో నేను తల ఎత్తేసరికి నుదురు ఠంగున తగిలింది. వెనకనించి అత్త గొంతు వినబడింది: "విన్నారా? లోపల గింజలు గలగలమన్నాయి!"

అలా మొదలైంది మా సంసారం. పొద్దున్న లేస్తే తిట్టు, సంకటి ముద్ద పెడుతూ తిట్టు, పడుకోబోయే ముందు ఓ తిట్టు. ఆర్నెల్లలో ఆ గుమ్మం నా తలకి అలవాటు కాలేదు కానీ ఆ తిట్లు నా చెవులకి బాగా అలవాటయ్యాయి.

*

ఆ ఏడు కోతలు అయిపోయి, ఎడారి గాలి దుమ్ము తగ్గేసరికి అత్త ఇంటి గోడ పని వచ్చింది. మూడేళ్ళుగా బీటలు వారుతున్న వెనక గోడ కిందటి వానల్లో కూలింది. మగవాళ్ళు మట్టి తొక్కి గోడ లేపారు. అక్కడితో వాళ్ళ పని అయిపోయింది. పూతలు, రంగులు, బొమ్మలు, చివర్లో నెరె కషాయం, ఇవన్నీ ఆడవాళ్ళవి. కషాయం పట్టని గోడ మొదటి వానకే కారిపోతుంది. బొమ్మలు పోతాయి, వెనకాలే పూత పోతుంది, ఆ వెనకాల గోడే పోతుంది.

ఇప్పుడు నెరె చెట్టు సంగతి చెప్పాలి. మా పొలంలో ఒకటే ఉంది. మా మామగారి తాత కూడా దాని నీడనే కూర్చునేవాడట. దాని పువ్వు ఎర్రటి బంతిలా దారానికి వేలాడుతుంది. ఆ బంతి నుంచే పొడుగాటి కాయలు గుత్తిగా దిగుతాయి. కాయ లోపల పసుప్పచ్చటి తియ్యటి పిండి ఉంటుంది. పిల్లలు మూతులకి రాసుకుని తిరిగేది అదే. పిండిలో నల్ల గింజలు. వాటిని ఒక పగలూ రాత్రీ ఉడకబెట్టి, దంచి, కడిగి, మాగబెడితే సుంబల అవుతుంది. దాని వాసన మూడిళ్ళ అవతలికి కొడుతుంది. అది లేని కూర కూరే కాదు. పిండి పిల్లలకి, గింజ కూరకి పోగా, మిగిలిన డొప్పలు గోడకి. వాటిని నానబెట్టి, నల్లగా జిగురు తేలేదాకా మరగబెట్టి, ఆ కషాయాన్ని చీపురుతో గోడ మీద చిలకరిస్తారు. గోడకి అది తోలులా పట్టుకుంటుంది.

ఈ ఆఖరి మాట నాకు తెలియదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా అమ్మావాళ్ళ ఇంట్లో గోడలకి బొమ్మలు వెయ్యరు. డొప్పల్ని కాల్చి, ఆ బూడిద నీళ్ళతో అమ్మ సబ్బు చేసేది. ఆ రోజు అత్త తియెబెలె సంతకి వెళ్ళింది. తోడికోడలు అజారా నీళ్ళకి వెళ్ళింది. గోడ పనికి వచ్చే ఆడవాళ్ళకి భోజనాలు పెట్టాలి కనక నేను సుంబల గింజలు పొయ్యి మీద పెట్టాను. మధ్యాహ్నానికి పుల్లలు అయిపోయాయి. వంటింటి కప్పు కింద మూడు పెద్ద గంపలు వేలాడుతున్నాయి, నిండా ఎండిన డొప్పలు. దింపాను. ఎంత బాగా మండాయో! పైగా అడుగున తెల్లటి బూడిద మిగిలింది. దాన్ని జాగ్రత్తగా కుండలోకి ఎత్తి, మూత పెట్టి, అత్త రాగానే సబ్బు చేసి చూపిద్దామని మురిసిపోయాను. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు అనుకున్నాను.

అజారా నీళ్ళ కుండ దింపుతూ పైకి చూసింది.

"లమీసీ, ఆ గంపల్లోవి ఏవే?"

"పొయ్యిలో ఉన్నాయక్కా. ఎంత బాగా మండాయనుకున్నావ్!"

అజారా కుండ దింపడం మానేసి అలాగే కింద కూర్చుండిపోయింది. సగం నీళ్ళు ఒలికిపోయాయి.

"మూడేళ్ళవే అవి," అంది. "నిరుడు పూత మీద గాలి కొట్టి కాయ సరిగా పట్టలేదు. అత్త మూడేళ్ళుగా పోగేసుకుంటోంది, ఈ గోడ కోసం."

సాయంత్రం అత్త వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. తిట్లకి సిద్ధంగా ఉన్నాను. నిజానికి తిట్ల కోసమే ఎదురు చూస్తున్నాను. పుచ్చు వేరుశెనక్కాయ అంటుంది, మా ఏడు తరాలనీ దులిపేస్తుంది, నేను రెండంటాను, ఇద్దరం నవ్వేస్తాం, ఏదో దారి దొరుకుతుంది అనుకున్నాను. అజారా సంగతి చెప్పింది. అత్త పొయ్యిలోకి చూసింది. ఖాళీ గంపల్లోకి ఒక్కొక్క దాంట్లోకీ చూసింది. ఒకదాని అడుగున మిగిలిన రెండు డొప్ప ముక్కలు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"సరేనమ్మా," అంది నా వైపు తిరిగి, మెత్తగా. "తెలియక చేశావు. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నట్టున్నావు. తిన్నావా తల్లీ?"

అమ్మా అంది. తల్లీ అంది. తిట్టు మాత్రం ఒక్కటీ లేదు.

*

మర్నాటి నుంచి ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద ఏ చుట్టానికీ జరిగి ఉండదు. "కూర్చో తల్లీ." "నువ్వెందుకమ్మా మొయ్యడం, అజారా తెస్తుందిలే." నా ముద్ద మీద షియా వెన్న కాస్త ఎక్కువే వేసేది. అత్తని చూసి ఇంట్లోవాళ్ళు, వాళ్ళని చూసి పేటవాళ్ళు నోళ్ళు కట్టేసుకున్నారు. దారిలో ఎదురుపడ్డ ముసలాయన కూడా, "బాగున్నావా అమ్మాయ్," అని తప్పుకుని వెళ్ళిపోయాడు. అంతకు ముందు వారం ఆయనే వేళాకోళానికి నన్ను సంతలో అమ్మకానికి పెట్టాడు!

నేను ఊరుకోలేదు. నాలుగో రోజున వేరుశెనగ పులుసు చేసి, అత్త ముందు పెట్టి అన్నాను.

"ఇందులో కుక్క కాలు కోసం వెతక్కండత్తా, వెయ్యలేదు."

అత్త ఒక ముద్ద ముంచుకుని తింది. "బాగుంది తల్లీ," అంది.

అంతే. నేను వంటింట్లోకి పోయి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి మా ఆయనతో చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

"తిట్టడం లేదని ఏడుస్తున్నావా? ఈ మాట బయట అనకు. పేటలో కోడళ్ళందరూ నిన్ను కొడతారు."

"మీకు అర్థం కాదు. నన్ను చుట్టాన్ని చేసేశారు. చుట్టం ఎప్పటికైనా వెళ్ళిపోవాల్సిందే కదా?"

ఆయన నవ్వడం ఆపి, "మా అమ్మకి నిజంగా కష్టం కలిగినప్పుడు వేళాకోళం రాదు లమీసీ," అన్నాడు. "నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే ఉంది."

అయినా గోడ పని ఆగలేదు. పూత తడి ఆరక ముందే రంగు పడాలి మరి. పేటలో ఆడవాళ్ళు పది మంది వచ్చారు. ఎర్ర మన్ను, నల్ల రాయి నూరిన ముద్ద, సుద్ద, అన్నీ సిద్ధం. అత్త గిన్నీకోడి ఈక పట్టుకుని గోడ ముందు నిలబడితే పదిమందీ నోరెత్తకుండా చూశారు. చేతి కొలతే తప్ప మరో కొలత లేదు. పగిలిన సొరబుర్ర ముక్కలు, గిన్నీకోడి రెక్కలు, పైన పొడుగునా కొండచిలువ, ఈ బొమ్మలన్నీ ఆవిడ వేళ్ళ కింద నుంచి తిన్నగా వచ్చాయి. మిగతావాళ్ళు వెనకాలే రంగులు నింపి, గులకరాళ్ళతో రుద్ది మెరుగు పెట్టారు. పాటలు, చప్పట్లు, మధ్యమధ్య జొన్న బీరు.

కొత్త కోడలికి నేలని ఆనుకున్న అంచు ఇస్తారు. కోళ్ళు తప్ప ఎవరూ చూడని చోటు. అక్కడ నేను చేపల వల గీశాను. తిన్నగా రావాల్సిన గీతలు పాముల్లా మెలికలు తిరిగాయి. పదిమందీ చూశారు. మామూలు రోజైతే ఆ గీతల మీద వారం రోజులు బతికేవాళ్ళు. ఒకావిడ నోరు తెరవబోయి అత్త వైపు చూసి మూసేసింది.

అత్త వంగి చూసి, "బాగుంది తల్లీ," అంది.

దానికన్నా ఆ బురద తీసి నా మొహాన కొట్టినా బాగుండేది.

*

ఎనిమిదో రోజుకి బొమ్మలు పూర్తయ్యాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం దక్షిణం వైపు మబ్బు పట్టింది. నెల రోజుల ముందే. పెరట్లో కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకసారి మబ్బునీ, ఒకసారి గోడనీ చూశారు.

కొత్త కాయ ఇంకా పచ్చిగానే ఉంది. పండినా సరే, నేల పెద్ద అలువా తాత "ఇక కోసుకోండి" అనే మాట ఇచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. ముందుగా ఒక్క కాయ తెంపినా జరిమానాగా మేకనిచ్చుకోవాలి. సంతలో డొప్పలు అమ్మేవాళ్ళు లేరు. నిరుటి కాపు అంతంత మాత్రం కనక ఎవరి కొంచెం వాళ్ళు తమ తమ గోడలకి దాచుకున్నారు.

"అడుగుదామత్తా," అంది అజారా. "ఇంటికో గుప్పెడు ఇవ్వరా ఏంటి?"

"అడగను," అంది అత్త. "ముప్ఫయ్యేళ్ళుగా ఈ పేటలో ప్రతి గోడా నా కళ్ళ ముందు లేచింది. ఇంట్లో డొప్పలు లేకుండా గోడ ఎత్తకండే అని వాళ్ళందరికీ చెప్పిందాన్ని నేను. ఇప్పుడు గంప పట్టుకుని వాళ్ళ గుమ్మాల్లో నిలబడనా? కారిపోతే కారిపోనీ."

ఆ మాట అంటూ ఆవిడ గోడ వైపు చూడలేదు. నేను చూశాను. కొండచిలువ కన్ను తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

అత్త అడగదు. ఇంటి కోడలు అడిగినా అత్త అడిగినట్టే. కానీ నేను కోడల్ని మాత్రమేనా? ఈ ఇంట్లో తొమ్మిది రోజులుగా ఎవరూ గుర్తు చెయ్యలేదు కానీ, నేను బిస్సాల పిల్లని. కసేనా ఇంట్లో బిస్సా మనిషి అడుక్కోదు. లాక్కుంటుంది.

ఆ మూడు గంపలూ ఒకదాంట్లో ఒకటి పెట్టి నెత్తిన పెట్టుకుని బయల్దేరాను.

మొదటి ఇంట్లో పొగాకు నమిలే ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని పేటంతా వినబడేలా అరిచాను.

"ఏయ్ కుక్కతలకాయల్లారా! మీ యజమానురాలు వచ్చింది, లేచి నిలబడండి!"

ముసలమ్మ బుగ్గలో పొగాకు అటునించి ఇటు మార్చింది. తొమ్మిది రోజుల మర్యాద ఆమెకీ విసుగెత్తినట్టుంది, కళ్ళు మెరిశాయి.

"ఎవరే అది అరుస్తోంది? ఏ గాదెలోంచి దొర్లిపడ్డావే నువ్వు?"

"మా తాత మీ తాతని గుప్పెడు వేరుశెనక్కాయలకి కొనుక్కున్నాడు. మర్చిపోయావా? అందులో రెండు పుచ్చువి. ఆ రెండూ కూడా మీ తాతకి ఎక్కువే. ఇన్నేళ్ళూ పోనీలే అని వదిలేశాం. ఇవాళ కప్పం కట్టండి."

"ఏం కప్పమే?"

"నెరె డొప్పలు."

ముసలమ్మ నవ్వు ఆగింది. నా గంపల వైపు చూసింది. గొంతు తగ్గించి, "కవే పంపిందా?" అంది.

"కవే ఎవరు?" అన్నాను. "ఆవిడ కూడా నా దాసే. తెలిస్తే అడ్డం పడుతుందని చెప్పకుండా వచ్చాను."

ముసలమ్మ పొగాకు ఉమ్మేసింది. లేచి లోపలికి వెళ్ళి, రెండు చేతులా డొప్పలు తెచ్చి గంపలో కుమ్మరించింది.

"ఇది కప్పం కాదే, వేరుశెనక్కాయా. నీ నోరు మూయించడానికి."

"ఇంత కొంచెంతో నా నోరు మూతపడుతుందా?"

"పడదు. నాకు తెలుసు." ఇంకో దోసెడు తెచ్చింది.

అక్కడినించి పండగే. రెండో ఇంటికి వెళ్ళేసరికి పిల్లలు సొరబుర్రలు వాయిస్తూ వెనకాల పడ్డారు. మూడో ఇంటావిడ నన్ను చూసి తలుపు చాప దించేసి, "ఇంట్లో ఎవరూ లేరు," అని లోపలినించి అరిచింది. "మాట్లాడింది కుక్కేనా? కూరలోకి వెళ్ళే ముందు డొప్పలు బయట పడెయ్యమనండి," అన్నాను. చాప కిందనించి చాటెడు డొప్పలు బయటికి జరిగాయి. ఒకాయన డొప్పలతో పాటు నా నెత్తిన వేరుశెనగ పొట్టు కూడా పోశాడు. ఒక ఇంట్లో నన్ను గుంజకి కట్టేసి, మీ బిస్సాల్లో ఎవరొచ్చి విడిపిస్తారో చూస్తామన్నారు. చివరికి వాళ్ళకే నా అరుపులు భరించలేక విప్పేశారు. ఎన్ని రోజుల తర్వాతో కడుపు నిండా తిట్టాను, కడుపు నిండా తిన్నాను తిట్లు. దారిపొడవునా నవ్వుతూనే ఉన్నాను, కళ్ళు కారుతూనే ఉన్నాయి.

రెండు గంపలు నిండాయి. గోడకి మూడు కావాలి. మిగిలింది అలువా తాత ఇల్లు.

నేల పెద్దతో ఎవరూ పరాచికాలాడరు. ఆయన మాట లేకపోతే పేటలో విత్తనం పడదు, శవం లేవదు. వాకిట్లో రాతి మీద కూర్చుని చుట్ట పీలుస్తున్నాడు. పాదాల దగ్గర చెవులు తెగిన ముసలి కుక్క. నా వెనకాల పిల్లల సొరబుర్రల వాయింపు ఆగిపోయింది. అక్కడినించి వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. మూడో గంప ఖాళీగా నెత్తి మీద ఊగుతోంది.

ఆయన చుట్ట తీసి అడిగాడు. "పేటంతా దోచుకుంటున్న బిస్సా దొంగ నువ్వేనా?"

"నేనే తాతా."

"నా ఇంట్లో దోచుకునేవాళ్ళు ముందు ఇంటి పెద్దకి దండం పెట్టాలి."

నేను మోకాళ్ళ మీద కూర్చోబోయాను.

"నాకు కాదు," అన్నాడు, కుక్క వైపు చూపిస్తూ. "ఈయనకి. ఇంటికి పెద్ద ఈయనే. మీ బిస్సాలందరికన్నా ఈయనకే బుద్ధి ఎక్కువ."

నేను కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త కోడలు పెద్దలకి చేసినట్టే రెండు అరచేతులూ కలిపి తట్టి, తల దించి, కుశలం అడిగాను.

"ఎలా ఉన్నారు తాతగారూ? రాత్రి బాగా నిద్రపట్టిందా? ఇన్నేళ్ళయినా మిమ్మల్నింకా కుండలోకి ఎక్కించలేదేంటండీ? ఈ ఇంట్లో ఆకళ్ళు తగ్గాయా, పళ్ళూడిపోయాయా?"

కుక్క నా ముక్కు నాకింది. అలువా తాతకి పొగ అడ్డం పడింది. దగ్గుతూనే నవ్వాడు, నవ్వుతూనే రాతి మీద అరచేత్తో కొట్టాడు. నేల పెద్ద అలా నవ్వగా చూసినవాళ్ళు పేటలో లేరని తర్వాత చెప్పారు. కళ్ళు తుడుచుకుని, లోపలికి తిరిగి అరిచాడు.

"మూడో గంప నింపండర్రా! అంచు దాకా! లేకపోతే ఇది ఇక్కడే కాపురం పెట్టేలా ఉంది."

*

నేను గంపలు మోయించుకుని ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లోనే ఉంది. నా జుట్టు నిండా వేరుశెనగ పొట్టు.

"ఎవరిచ్చారివి?" అంది.

"ఎవరూ ఇవ్వలేదత్తా. దోచుకొచ్చాను."

అత్త గంపలో చెయ్యి పెట్టింది. పైన డొప్పలు, కింద డొప్పలు, పది ఇళ్ళవి కలగలిసినవి. కొన్ని కొత్తవి, కొన్ని పొగ పట్టి నల్లబడ్డవి. ఏది ఎవరి ఇంటిదో ఆవిడకి తెలిసిపోయినట్టుంది, ఒక్కొక్కటీ తీసి చూసి మళ్ళీ అందులోనే వేసింది. నావైపు చూడలేదు. "అజారా, పెద్ద కుండలు దింపు," అని మాత్రం అంది. నాకు కొంచెం నిరాశ కలిగింది, అబద్ధమెందుకు.

ఆ రాత్రంతా నాని, మర్నాడు పొద్దుపోయేదాకా మరిగాయి డొప్పలు. ఇల్లంతా వగరు వాసన. పదకొండో రోజు పొద్దున్నే పదిమందీ చీపుర్లు పట్టుకుని గోడ మీద చిలకరించారు. ఒక పూత ఆరనిచ్చి ఇంకో పూత. ఎరుపు ముదిరింది, నలుపు నిగనిగలాడింది. కింద నా అంచుకి నేనే చిలకరించుకున్నాను. రెండో పూత ఆరీ ఆరకుండానే గాలి లేచింది. కోళ్ళు ఇంట్లోకి పరిగెత్తాయి. తర్వాత వాన.

ఎవరూ లోపలికి వెళ్ళలేదు. పదమూడు మంది ఆడవాళ్ళం వానలో నిలబడి గోడని చూస్తున్నాం. నీళ్ళు పైనించి ధారలు కట్టి కొండచిలువ మీద నుంచి, సొరబుర్ర ముక్కల మీద నుంచి, నా వల మీద నుంచి దిగి నేల మీద మడుగు కడుతున్నాయి. అజారా నా చెయ్యి పట్టుకుంది.

అత్త వెళ్ళి గోడ మొదట్లో గొంతుక్కూర్చుంది. ధార కింద అరచెయ్యి పట్టింది. ఆ నీళ్ళని చాలాసేపు చూసుకుంది. తర్వాత చెయ్యి మా వైపు చాపింది.

నీళ్ళు తేటగా ఉన్నాయి.

ఆడవాళ్ళు ఒక్కసారి కేకలు పెట్టారు. అత్త మాత్రం అక్కడే కూర్చుని, తన ముక్కుకి ఎదురుగా ఉన్న నా అంచు వైపు చూసింది. తల ఒక పక్కకి వాల్చి చూసింది, ఇంకో పక్కకి వాల్చి చూసింది.

"ఇదేంటే?" అంది. "కుక్క తోకలా ఇంత వంకర? ఏ వేరుశెనక్కాయల సంచీ గీసిందే దీన్ని? కషాయం కూడా పట్టేసింది, ఇహ పదేళ్ళ దాకా పోదు!"

పదిమందీ నా వైపే చూస్తున్నారు. నడుం మీద చేతులు పెట్టుకుని అన్నాను.

"తోక కనబడగానే ఆకలేసిందా అత్తా?"

అత్త గోడ పట్టుకుని లేచింది. గోడ పట్టుకునే నవ్వింది. వాన నీళ్ళో మరేంటో, మొహం అంతా తడిసిపోయింది.

"లోపలికి రావే," అంది. "అలాగే వానలో నిలబడితే మొలకెత్తుతావు."

నేను గుమ్మం దగ్గర వంగి, గడప దాటి, పిట్టగోడ దాటి, తల ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళాను.